గిటారు పెట్టెకు తగిన స్పీకరు: వాట్లు చెప్పని సంగతులు

క్రెయిగీబర్న్‌లో మా ఇంటి గారేజీలోని ఒక మూల మా అబ్బాయి సంగీతశాల. అక్కడ వాడి ఎలక్ట్రిక్ గిటారు, ఒక పాత 15 వాట్ల వాల్వు యాంప్లిఫయరు, దాని కింద ఒకే స్పీకరు గల చెక్క పెట్టె ఉంటాయి. ఆ పెట్టెనే వాద్యకారులు క్యాబినెట్ అంటారు. ఒకనాడు ఆ స్పీకరులోని కాగితపు శంకువు చిరిగి, తీగ మీటినప్పుడల్లా గరగరమనసాగింది. ఉగాది కార్యక్రమానికి పది రోజుల వ్యవధి మాత్రమే ఉంది. కారులో అమర్చడానికని కొని, అమర్చకుండా అలమరలో దాచిన 12 అంగుళాల స్పీకరు ఒకటి నా వద్ద ఉన్నది. దాని మీద 300 వాట్లు అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంది. చిరిగిన దాని మీద ఉన్నది 25 వాట్లు మాత్రమే. కొలత సరిపోయింది, మరలు కూడా సరిపోయాయి. "పన్నెండింతల బలం గల స్పీకరు బిగించాను, ఇక వాయించు" అని గర్వంగా చెప్పాను.

వాడు వాయించాడు. "నాన్నా, ఇది ముందుకంటే చిన్నగా వినబడుతోంది. దుప్పటి కప్పి వాయించినట్లుంది" అన్నాడు. ధ్వని పెంచడానికి మీట చివరికంటా తిప్పాడు. అరగంటలో గారేజీ నిండా కమురు వాసన వచ్చింది, ఫ్యూజు పోయింది. మరమ్మతు చేసిన పెద్దమనిషి మాడిపోయిన రెండు వాల్వులు, ఒక నిరోధకం తీసి బల్ల మీద పెట్టి, "యాంప్లిఫయరు వెనుక 16 ఓమ్‌లు అని ఉంది. మీ స్పీకరు 4 ఓమ్‌లది. చూడలేదా?" అని అడిగాడు. చూశాను, కాని లెక్కచేయలేదు. ఇంజనీరింగు పట్టా గల నాకు ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. ఆ ఉగాదికి మా అబ్బాయి వేదిక ఎక్కలేదు.

స్పీకరు మీది 300 అనే అంకె అబద్ధం కాదు. దానికి నేను అనుకొన్న అర్థం లేదు, అంతే. మన పిల్లలలో ఎందరో నేడు గిటారు నేర్చుకొంటున్నారు. వారికి స్పీకరు కొనిపెట్టే తల్లిదండ్రులు నా పొరపాటు చేయకుండా ఉండేందుకు, ఆ తరువాత నేను నేర్చుకొన్న పాఠాన్ని ఇక్కడ వివరిస్తాను.

స్పీకరు కూడా వాద్యంలో భాగమే

నేడు మనం వాడే స్పీకరు స్వరూపాన్ని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. నూరేళ్ళు గడిచినా మూలసూత్రం మారలేదు. ఒక బలమైన అయస్కాంతపు సన్నని సందులో రాగితీగ చుట్ట ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. ఆ చుట్ట కాగితపు శంకువు మెడకు అంటించబడి ఉంటుంది. యాంప్లిఫయరు నుండి వచ్చే విద్యుత్తు అటూ ఇటూ మారినప్పుడల్లా తీగచుట్ట, దానితోపాటు శంకువు ముందుకూ వెనుకకూ కదిలి గాలిని నెడతాయి. ఆ గాలి కదలికే మనకు ధ్వని.

ఇంట్లో పాటలు వినడానికి వాడే స్పీకరుకూ గిటారు స్పీకరుకూ ఆశయంలోనే భేదం ఉన్నది. మొదటిది తనకు అందిన సంకేతాన్ని ఏమీ చేర్చకుండా, ఏమీ తీసివేయకుండా వినిపించాలి. మనిషి చెవికి అందే 20 హెర్ట్‌జుల నుండి 20,000 హెర్ట్‌జుల వరకు గల పౌనఃపున్యాలన్నింటినీ సమంగా పలికించాలన్నది దాని ఆదర్శం. గిటారు స్పీకరు అటువంటిది కాదు. అది సాధారణంగా 75 నుండి 5,000 హెర్ట్‌జుల వరకే పలుకుతుంది, ఆపైన దాని ధ్వని వేగంగా పడిపోతుంది. గిటారులోని అతి మందమైన తీగ పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్‌జులు కనుక కింది హద్దు సరిపోతుంది. పై హద్దు లోపంలా కనిపించినా, నిజానికి అదే దాని సుగుణం. యాంప్లిఫయరును పెంచి వాయించినప్పుడు పుట్టే కర్కశమైన అతిస్వరాలను ఈ స్పీకరు వడగట్టి, వినసొంపైన భాగాన్ని మాత్రమే మనకు అందిస్తుంది. అదే సంకేతాన్ని ఇంట్లోని స్టీరియో స్పీకరుకు ఇస్తే తేనెటీగల తుట్టెను కదిపినట్లు ఉంటుంది.

వీణకు కుండ ఎటువంటిదో ఎలక్ట్రిక్ గిటారుకు స్పీకరు అటువంటిది. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు, తీగ కదలికకు గొంతు నిచ్చేది ఆ కుండే. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు సొంత గొంతు దాదాపు లేదు. దాని గొంతు స్పీకరులో, ఆ స్పీకరును మోసే పెట్టెలో ఉంటుంది. అందుచేత స్పీకరు మార్చడమంటే విడిభాగం మార్చడం కాదు, వాద్యపు గొంతు మార్చడం.

వాట్లు అంటే ఏమిటి?

స్పీకరు మీద వ్రాసిన వాట్లు అది ఇచ్చే ధ్వనిని తెలుపవు. కాలిపోకుండా అది భరించగల విద్యుత్ శక్తిని మాత్రమే తెలుపుతాయి. లారీ మీద పది టన్నులు అని వ్రాసి ఉంటే అది మోయగల బరువే గాని, పరుగెత్తగల వేగం కాదు గదా! నేను ఆ భేదాన్నే మరచాను.

కనుక వాట్ల విషయంలో పాటించవలసిన నియమం ఒక్కటే. పెట్టెలోని స్పీకర్లన్నీ కలిసి భరించగల శక్తి యాంప్లిఫయరు ఇచ్చే శక్తికంటే ఎక్కువగా ఉండాలి. ఒకే రకం స్పీకర్లను సరిగా కలిపినప్పుడు శక్తిని అవి సమానంగా పంచుకొంటాయి. అంటే 25 వాట్లవి నాలుగు కలిస్తే 100 వాట్లను భరిస్తాయి. వాల్వు యాంప్లిఫయర్లను చివరికంటా పెంచినప్పుడు అవి తమ మీద వ్రాసిన దానికంటే ఎక్కువ శక్తిని వెలువరిస్తాయి కాబట్టి, ఒకటిన్నర రెట్ల నుండి రెండు రెట్ల వరకు వెసులుబాటు ఉంచుకోవడం మంచిది. 15 వాట్ల యాంప్లిఫయరుకు 30 వాట్లు, అంతకు మించిన స్పీకరు క్షేమకరం.

అసలు అంకె: సున్నితత్వం

ధ్వని ఎంత పెద్దగా వస్తుందో తెలిపే అంకె వేరే ఉన్నది. దానిని సున్నితత్వం అంటారు. స్పీకరుకు ఒక వాటు శక్తి ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వచ్చునో అదే దాని సున్నితత్వం. స్పీకరు వివరాల పత్రంలో ఇది తప్పక ఉంటుంది, కాని చాలామంది దాని వైపు చూడరు.

డెసిబెల్ లెక్కకు రెండు సూత్రాలు గుర్తుంచుకొంటే చాలు. శక్తి రెట్టింపైతే ధ్వని 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. శక్తి పదింతలైతే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. 10 డెసిబెల్‌ల పెరుగుదలను మన చెవి సుమారుగా రెట్టింపు ధ్వనిగా గ్రహిస్తుంది.

ఇంగ్లండుకు చెందిన సెలెస్టియన్ సంస్థ 12 అంగుళాల స్పీకర్లను ఉదాహరణగా తీసుకొందాం. గ్రీన్‌బ్యాక్ అనేది 25 వాట్లు, 98 డెసిబెల్‌లు. వింటేజ్ 30 అనేది 60 వాట్లు, 100 డెసిబెల్‌లు. జి12టి-75 అనేది 75 వాట్లు, 97 డెసిబెల్‌లు. బ్లూ అనేది 15 వాట్లు మాత్రమే భరిస్తుంది, కాని దాని సున్నితత్వం 100 డెసిబెల్‌లు. ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పేరులోని 30ని చూసి వింటేజ్ 30 భరించేది 30 వాట్లని భ్రమపడరాదు. రెండవది, అన్నింటికంటే తక్కువ వాట్లు గల బ్లూ, అన్నింటికంటే ఎక్కువ వాట్లు గల జి12టి-75 కంటే 3 డెసిబెల్‌లు పెద్దగా పలుకుతుంది.

ఆ 3 డెసిబెల్‌ల విలువ ఎంత? 15 వాట్లు ఇస్తే ధ్వని సుమారు 12 డెసిబెల్‌లు పెరుగుతుంది. 100 డెసిబెల్‌ల స్పీకరు అప్పుడు 112 పలుకుతుంది. 97 డెసిబెల్‌ల స్పీకరు అదే 112 పలకాలంటే 30 వాట్ల యాంప్లిఫయరు కావాలి. అంటే స్పీకరు మార్చడం ఒక్కొక్కప్పుడు యాంప్లిఫయరును రెట్టింపు చేయడంతో సమానం.

ఇక నా కారు స్పీకరు సంగతి చూద్దాం. అది మంద్రధ్వనుల కోసం చేసినది. శంకువు బరువైనది, సున్నితత్వం 87 డెసిబెల్‌లు. గ్రీన్‌బ్యాక్‌తో పోలిస్తే 11 డెసిబెల్‌ల లోటు. ఆ లోటు పూడ్చడానికి సుమారు పన్నెండున్నర రెట్ల శక్తి, అనగా 15 వాట్లకు బదులు దాదాపు 190 వాట్లు కావాలి. పైగా ఆ బరువైన శంకువు కొన్ని వందల హెర్ట్‌జులు దాటితే సరిగా పలకదు. దుప్పటి కప్పినట్లుందని మా అబ్బాయి చెప్పినది అక్షరాలా శాస్త్రీయమైన మాట.

ఓమ్‌ల లెక్క

స్పీకరు విద్యుత్ ప్రవాహానికి చూపే ఎదురును అవరోధం లేక ఇంపీడెన్సు అంటారు. గిటారు స్పీకర్లలో ఇది 4, 8, లేదా 16 ఓమ్‌లుగా ఉంటుంది. యాంప్లిఫయరు వెనుక వ్రాసిన అంకె, పెట్టె మొత్తపు అవరోధం ఒకటిగా ఉండాలి.

వాల్వు యాంప్లిఫయరు విషయంలో ఈ నియమం కఠినమైనది. అందులోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు స్పీకరు అవరోధాన్ని హెచ్చించి వాల్వులకు చూపుతుంది. 16 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లు తగిలిస్తే వాల్వులకు కనిపించే ఎదురు నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు వాటిలో ప్రవాహం మితిమీరి అవి వేడెక్కి మాడిపోవచ్చు. మా గారేజీలో జరిగినది ఇదే. స్పీకరే తగిలించకుండా వాల్వు యాంప్లిఫయరును నడపడం అంతకంటే ప్రమాదం, అప్పుడు ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి అమితంగా పెరిగి దాని చుట్టలే దెబ్బతినవచ్చు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లకు మాత్రం వాటిపై వ్రాసిన కనీసపు ఓమ్‌లకు తగ్గకుండా ఉంటే చాలు. ఎక్కువ ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే శక్తి కొంత తగ్గుతుందే గాని హాని లేదు.

ఒకటికంటే ఎక్కువ స్పీకర్లు ఉన్నప్పుడు పాఠశాలలో చదివిన సూత్రాలే వర్తిస్తాయి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను శ్రేణిలో కలిపితే 16, సమాంతరంగా కలిపితే 4. నాలుగు 16 ఓమ్‌ల స్పీకర్లను రెండేసి శ్రేణిలో కలిపి, ఆ రెండు జంటలను సమాంతరంగా కలిపితే మళ్ళీ 16 వస్తుంది. ఒకే పెట్టెలో వేరువేరు ఓమ్‌ల స్పీకర్లను కలపరాదు. అవి శక్తిని సమంగా పంచుకోవు, ఒకదాని మీద భారం ఎక్కువగా పడుతుంది.

ఓమ్‌లు తెలియని పాత స్పీకరు చేతికి వస్తే మల్టీమీటరుతో కొలవవచ్చును. అయితే మీటరు చూపేది తీగ నిరోధం మాత్రమే. కనుక 8 ఓమ్‌ల స్పీకరు 6 లేక 7గా, 16 ఓమ్‌లది 12 లేక 13గా కనిపిస్తుంది. రెండు స్పీకర్లు బిగించేటప్పుడు ధన, ఋణ ధ్రువాలు కూడా సరిచూడాలి. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలం తాకిస్తే శంకువు ముందుకు కదిలిన అమరికలో బ్యాటరీ ధన ధ్రువం తగిలినదే స్పీకరు ధన ధ్రువం. ఇవి తారుమారైతే ఒక శంకువు ముందుకు నెట్టే గాలిని రెండవది వెనుకకు లాగుతుంది, మంద్రస్వరాలు మాయమవుతాయి. మరొక మాట. గిటారును యాంప్లిఫయరుకు కలిపే సన్నని తీగను స్పీకరుకు వాడరాదు. చూపునకు రెండూ ఒకేలా ఉన్నా స్పీకరు తీగ లావైన రాగి గలది, ఎక్కువ ప్రవాహాన్ని మోయగలది.

గొంతులో తేడాలు

అంకెలన్నీ కుదిరిన తరువాత రుచి ప్రశ్న వస్తుంది. గిటారు స్పీకర్లు చాలావాటికి 2,000 నుండి 4,000 హెర్ట్‌జుల ప్రాంతంలో ధ్వని పైకి లేస్తుంది. మన చెవి అతి చురుకుగా ఉండేది కూడా సుమారు ఆ ప్రాంతంలోనే. ఆ మెరక ఎంత ఎత్తు, ఎక్కడ మొదలు అనే దానిని బట్టి స్పీకరు గొంతు మారుతుంది. వింటేజ్ 30లో ఆ మెరక ఎక్కువ, నలుగురు వాయించే బృందంలో గిటారు మరుగున పడకుండా నిలబడుతుంది. ఒంటరిగా చిన్న గదిలో వింటే అదే చెవికి గుచ్చుకోవచ్చు. గ్రీన్‌బ్యాక్ గొంతు మృదువు, వెచ్చన. జి12టి-75లో మధ్యస్వరాలు కొంత వెనుకబడి, మంద్రతారాలు ముందుకు వస్తాయి.

అయస్కాంతాలలో అల్యూమినియం, నికెల్, కోబాల్టుల మిశ్రమమైన ఆల్నికో, సిరామిక్, నియోడైమియం అనే మూడు రకాలున్నాయి. ఆల్నికో ఖరీదైనది, నియోడైమియం తేలికైనది, సిరామిక్ చవకైనది, బరువైనది. వేదికలకు మోసుకొని పోయేవారికి బరువు చిన్న విషయం కాదు. కాని ఆల్నికో అయినంత మాత్రాన గొంతు బాగుంటుందని అనుకోరాదు. శంకువు కాగితం మందం, దాని అంచు మడతలు, తీగచుట్ట బరువు, అయస్కాంత బలం అన్నీ కలిసినదే గొంతు. అన్నట్లు, కొత్త స్పీకరు మొదట కొంచెం బిగువుగా పలుకుతుంది. కొన్ని గంటలు వాయించిన తరువాత దాని అంచులు సడలి గొంతు కుదుటపడుతుంది. కొన్న మొదటిరోజే తీర్పు చెప్పడం తొందరపాటు.

పెట్టె చేసే పని

శంకువు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కబడుతుంది, వెనుక గాలి పలుచబడుతుంది. అంటే వెనుకకు వెళ్ళే ధ్వని ముందు ధ్వనికి వ్యతిరేకం. పెట్టె లేకుండా స్పీకరును చేతితో పట్టుకొని వాయిస్తే ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి మంద్రస్వరాలను హరించుకొంటాయి. వెనుక భాగం మూసిన పెట్టెలో ఈ నష్టం ఉండదు కనుక మంద్రం గట్టిగా, బిగువుగా ఉంటుంది. వెనుక తెరిచిన పెట్టెలో మంద్రం కొంత తగ్గినా, ధ్వని గది అంతటా పరచుకొంటుంది.

వాద్యచరిత్రలో ఈ రెండు సంప్రదాయాలూ ఉన్నాయి. ఇంగ్లండువారి వాక్స్ ఏసీ30లో రెండు 15 వాట్ల బ్లూ స్పీకర్లు తెరిచిన పెట్టెలో ఉండేవి. అమెరికావారి ఫెండర్ యాంప్లిఫయర్లు కూడా అధికంగా తెరిచిన పెట్టెలే. మార్షల్ సంస్థవారి నాలుగు స్పీకర్ల మూసిన పెట్టె 1960 దశకంలో వచ్చి రాక్ సంగీతానికి చిహ్నమైనది. 1973లో సిడ్నీలో పుట్టిన ఏసీ/డీసీ బృందం వెనుక గోడలా పేర్చినవి ఆ మార్షల్ పెట్టెలే. ఆ బృందం పేరు మీద మెల్‌బోర్న్ నగరంలో 2004 నుండి ఒక సందు ఉన్నదన్న సంగతి మన పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

పెట్టెశాస్త్రంలో ఆస్ట్రేలియా ఇచ్చిన కానుక మరింత గొప్పది. బ్రిస్బేన్‌లో పుట్టిన నెవిల్ థీల్ అనే ఇంజనీరు స్పీకరుకూ పెట్టెకూ గల సంబంధాన్ని గణితంగా నిరూపిస్తూ 1961లో ఇక్కడి పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. పదేళ్ళ తరువాత, 1971లో, అమెరికా పత్రికలో పునర్ముద్రితమైనప్పుడే ప్రపంచం దానిని గుర్తించింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ ఆ సిద్ధాంతాన్ని విస్తరించాడు. నేడు ప్రపంచంలో ఎక్కడ స్పీకరు కొన్నా దాని పత్రంలో థీల్-స్మాల్ పరామితులు అనే పట్టిక కనిపిస్తుంది. అందులోని మొదటి అంకె అనునాద పౌనఃపున్యం. గిటారు స్పీకరులో ఇది సాధారణంగా 75 హెర్ట్‌జుల చుట్టుపక్కల ఉంటుంది. మిగిలిన అంకెలు పెట్టె పరిమాణాన్ని లెక్కించడానికి ఉపకరిస్తాయి. స్వయంగా పెట్టె చేయదలచిన వారికి పట్టికతోపాటు మంచి ప్లైవుడ్ కూడా అవసరం. పలుచని చెక్క ఒక్కొక్క స్వరానికి తానే వణుకుతుంది.

ఎవరికి ఏమి వినబడుతుంది?

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణం చేస్తుంది. కనుక 100 హెర్ట్‌జుల తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు, 4,000 హెర్ట్‌జులది తొమ్మిది సెంటీమీటర్లకు లోపు. శంకువు వ్యాసంకంటే తరంగం పొడవైనప్పుడు ధ్వని అన్ని దిక్కులా వ్యాపిస్తుంది. పొట్టిదైనప్పుడు టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది.

దీని పర్యవసానం మన సభావేదికల మీద తరచుగా కనిపిస్తుంది. పిల్లవాడు నిలబడి వాయిస్తాడు, పెట్టె కాళ్ళ దగ్గర ఉంటుంది. ఉచ్చస్వరాలు వాడి మోకాళ్ళను తాకి సభ వైపు పోతాయి. వాడికి మందకొడిగా వినబడుతుంది కనుక తారాన్ని పెంచుతాడు. ఎదురుగా మూడవ వరుసలో కూర్చున్న తాతగారు చెవులు మూసుకొంటారు. ఇందులో పిల్లవాడి తప్పు లేదు, తాతగారి ఛాందసమూ లేదు. పెట్టెను కుర్చీ మీద పెట్టినా, వెనుకకు వాల్చినా ఇద్దరూ ఒకే ధ్వనిని వింటారు.

మన సంగీతానికి ఏది తగును?

ఎలక్ట్రిక్ వాద్యం మన సంగీతానికి పరాయిది అనుకొనేవారు మాండలిన్ శ్రీనివాస్ గారిని స్మరించాలి. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఆయన, జంట తీగల మాండలిన్‌ను విడిచి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి వాద్యంగా తీర్చారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, 1998లో పద్మశ్రీ పొంది, 2014లో అకాలంగా కన్నుమూశారు. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. విద్యుత్తు సహాయంతో అది నిలుస్తుంది. నిలిచిన స్వరం మీదనే గమకం సాధ్యం.

ఇక్కడ స్పీకరు ఎంపిక వేరుగా ఉండాలి. గమకంలో స్వరం ఒక స్థానం నుండి మరొక స్థానానికి జారుతుంది. దానితోపాటు దాని అతిస్వరాలు కూడా జారుతూ స్పీకరులోని మెరక పల్లాల మీదుగా పోతాయి. మెరకలు మరీ ఎత్తుగా ఉన్న స్పీకరులో జారుడు మధ్యలో ఒక చోట ధ్వని ఉబుకుతుంది, మరొక చోట కుంగుతుంది. వినేవారికి గమకం అతుకులు వేసినట్లు తోస్తుంది. అందుచేత రాక్ సంగీతానికి మెచ్చదగిన స్పీకరే కృతికి తగినది కాకపోవచ్చు. గిటారు మీద కర్ణాటక సంగీతం సాధన చేసే పిల్లలు మెరకలు తక్కువగా, యాంప్లిఫయరుకంటే చాలా ఎక్కువ వాట్లు భరించగల స్పీకరును ఎంచుకొంటే స్వరం కలతపడకుండా నిర్మలంగా ఉంటుంది.

పోల్చి చూడవలసిన పద్ధతి

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు మనలను మోసగించేది ధ్వని పరిమాణం. రెండు మూడు డెసిబెల్‌లు పెద్దగా పలికినది బాగున్నట్లు చెవికి తోస్తుంది. కనుక ముందుగా రెండింటి ధ్వనిని ఫోనులోని ధ్వనిమాపక యాప్‌తో ఒకే దూరంలో కొలిచి సమానం చేయాలి. యాంప్లిఫయరు, గిటారు, గదిలో స్థానం మారరాదు. వాయించేది కూడా ఒక్కటే కావాలి. లూపర్ అనే పరికరంలో ఒక నిమిషం వాయించి నమోదు చేసుకొంటే అదే ముక్కను రెండింటిలో వినవచ్చును. ఏది వినిపిస్తున్నారో వినేవారికి తెలియనీయరాదు. ఎదురుగా ఒకసారి, ప్రక్కన ఒకసారి, నిలబడి ఒకసారి వినాలి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ పరీక్ష చేస్తే పిల్లలకు అది మంచి విజ్ఞాన ప్రయోగం కూడా అవుతుంది.

కొనక ముందే వినడానికి నేడు మరొక మార్గం ఉంది. స్పీకరు గొంతును కొలిచి నిక్షిప్తం చేసిన ఇంపల్స్ రెస్పాన్స్ అనే కంప్యూటరు ఫైళ్ళు లభిస్తాయి. వాటిద్వారా హెడ్‌ఫోనులోనే వేరువేరు స్పీకర్లను పోల్చవచ్చును. అయితే ఆ ఫైలు నుండి వచ్చిన ధ్వనిని మళ్ళీ గిటారు స్పీకరులోకి పంపితే రెండుసార్లు వడగట్టినట్లై మసకబారుతుంది. దానికి పూర్తి స్థాయి స్పీకరే తగును.

చెవులు, ఇరుగుపొరుగు

సున్నితత్వపు లెక్కలో ఒక హెచ్చరిక కూడా దాగి ఉన్నది. 98 డెసిబెల్‌ల స్పీకరు ఒక్క వాటుతోనే మీటరు దూరంలో 98 పలుకుతుంది. ఆస్ట్రేలియాలో పనిస్థలాలకు విధించిన పరిమితి ఎనిమిది గంటల సగటున 85 డెసిబెల్‌లు. 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా క్షేమకరమైన కాలం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట. అంటే ఒక్క వాటు వద్ద రోజూ గంటసేపు చేసే సాధన కూడా చెవికి హాని చేయవచ్చు. చెవిలోని సూక్ష్మ కేశకణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ మొలవవు. స్పీకరు చిరిగితే మార్చవచ్చు, చెవిని మార్చలేము. వాట్ల మోజులో పడిన తల్లిదండ్రులు ఈ ఒక్క వాటు సంగతి గుర్తుంచుకోవాలి.

మన క్రెయిగీబర్న్ ఇళ్ళ గోడలు ప్లాస్టరు పలకలవి, ప్రక్క ఇంటికి దూరం కొద్ది అడుగులే. మంద్రధ్వని పలుచని గోడలను సులభంగా దాటుతుంది, గారేజీ తలుపును డప్పులా మోగిస్తుంది. విక్టోరియా రాష్ట్ర నిబంధనల ప్రకారం సోమవారం నుండి గురువారం వరకు రాత్రి 10 నుండి ఉదయం 7 దాకా, శుక్రవారం రాత్రి 11 తరువాత, ఉదయం 7కు ముందు, శనివారం, సెలవు దినాలలో రాత్రి 11 తరువాత, ఉదయం 9కి ముందు, ఆదివారం రాత్రి 10 తరువాత, ఉదయం 9కి ముందు వాద్యధ్వని ప్రక్క ఇంటి నివాసపు గదులలో వినబడరాదు. మిగిలిన వేళల్లోనూ మితిమీరిన ధ్వని తప్పే. ఇంటికి తక్కువ సున్నితత్వం గల స్పీకరు మేలు అనడానికి ఇదొక కారణం.

చివరి మాట

స్పీకరు కొనేటప్పుడు చూడవలసిన వరుస ఇది: మొదట ఓమ్‌లు, తరువాత భరించగల వాట్లు, ఆపైన సున్నితత్వం, అటుపిమ్మట పెట్టె తీరు, చివరగా గొంతు. మొదటి రెండూ కుదరకపోతే యాంప్లిఫయరో స్పీకరో కాలుతుంది, కనుక అక్కడ రాజీ లేదు. మూడవది చెవులకు, ఇరుగుపొరుగుకు సంబంధించినది. చివరి రెండూ వాయించేవారి ఇష్టం, అక్కడ తండ్రి మాట చెల్లదు.

మేము ఈ వరుసలోనే వెదికి, 16 ఓమ్‌లు, 65 వాట్లు, 97 డెసిబెల్‌లు గల స్పీకరును తెరిచిన పెట్టెలో బిగించాము. బిగించే ముందు యాంప్లిఫయరు వెనుక అంకెను ఈసారి నేను చదవలేదు. మా అబ్బాయి పైకి చదివాడు, నేను స్పీకరు మీది అంకెను చదివాను, రెండూ ఒకటేనని ఇద్దరం ఒప్పుకొన్న తరువాతనే మీట నొక్కాము. మరుసటి ఉగాదికి వాడు వేదిక మీద మోహన రాగం వాయించాడు. పెట్టె కుర్చీ మీద ఉంది. మూడవ వరుసలో ఎవరూ చెవులు మూసుకోలేదు.